దర్శనక్రమము

రాత్రి వేళ ఎల్.బి.నగర్ కూడలిలో చెన్నపట్నపు బస్సుకై పెట్టెబేడలతో నిలుచువారిలో, వైద్యమునకును వ్యాపారమునకును పోవువారే కాక, తోమాసు అపోస్తలుని స్థలములను దర్శింప నేగు కథోలిక కుటుంబములును అప్పుడప్పుడు కానవచ్చును. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దాపున కాపురముండు నేనును, క్రైస్తవుడను కాకపోయినను, ఆ యాత్ర చేసితిని; పుణ్యస్థలములను చూచుట ఒక విద్య యనియు, అందు మొదటి పాఠము వరుస యనియు అప్పుడు నాకు తోచినది.

యాత్రికులు తరచుగా మైలాపూరు శాంథోమ్ దేవాలయములోని సమాధిని ముందు చూచి, తక్కినవి వేళ మిగిలినచో చూతురు. ఇది గ్రంథమును చివరి పుటనుండి చదువుటయే. క్రీ.శ. 52లో మలబారు తీరమున దిగిన తోమాసు తూర్పుతీరమునకు వచ్చి, అడయారు నది చెంత చిన్నమలై గుహలో తలదాచుకొని, 72లో పరంగిమలైపై బల్లెపు పోటునకు ప్రాణము విడిచి, మైలాపూరున సమాధిగతుడయ్యెనని సంప్రదాయము చెప్పుచుండగా, పాదములు మాత్రము వేరు వరుసను ఏల పట్టవలెను?

గుహలో నడుము వంచక నిలువరాదు. ఆ వంగుటయందే తరుమబడిన మనుష్యుని బెదురు కొంత తెలియును. పరంగిమలై మెట్లు 18వ శతాబ్దమున పెట్రస్ ఉస్కాన్ అను ఆర్మీనియా వర్తకుడు కట్టించినవి. సైదాపేట కడ అడయారుపై ఒకప్పుడుండిన పాత వంతెనయు ఆతని ధర్మమే. కొండమీది దేవాలయమున పోర్చుగీసువారికి 1547లో దొరకిన రాతి సిలువ కలదు. దానిపై పహ్లవీ లిపి! బల్లెపు కథకంటె ఆ లిపియే నన్ను ఎక్కువసేపు నిలిపినది. పారసీక సంప్రదాయపు క్రైస్తవులు పోర్చుగీసువారికంటె ఎన్నియో శతాబ్దములు ముందే ఈ తీరమున ప్రార్థించిరనుటకు వేరు సాక్ష్యమేల?

ఇక సమాధి. పైనున్న గోథిక్ కట్టడము 1896 నాటిది. అస్థులలో అధికభాగము ప్రాచీన కాలముననే ఎదెస్సాకు, అటనుండి కియోస్ ద్వీపమునకు, 1258లో ఇటలీలోని ఓర్తోనాకు చేరినవని చెప్పుదురు. అయినను జనము రాక మానలేదు: క్రైస్తవులును మహమ్మదీయులును వచ్చి, రోగులకై ఇచ్చటి ఎఱ్ఱమట్టి కొనిపోవుదురని 13వ శతాబ్ది చివర మార్కోపోలో వ్రాసెను. (మన మోటుపల్లి సీమ నేలిన రాణిని కొనియాడినవాడును ఇతడే; ఆమె రుద్రమదేవియని పలువురి మతము.) గురువు గాయములను వ్రేలితో తాకినగాని నమ్మనన్న శిష్యుని సమాధియొద్ద సంశయముతో నిలుచుట అపచారమని నాకు తోచలేదు.

వెళ్లదలచినవారు ఎండ ముదరకముందే చిన్నమలై, పరంగిమలై చూచుట మేలు; ఆ పేర్లతోనే మెట్రో స్టేషనులున్నవి. మైలాపూరును సాయంకాలమునకు అట్టిపెట్టుకొన్నచో, అచ్చటి కపాలీశ్వరుని కోవెలయు చూచి రావచ్చును.