ఒడ్డు దగ్గరి ఆఖరి పది అడుగులు

నిజామాబాద్‌కు సముద్రం లేదు. అయినా ఒడ్డున నిలబడి, పారే నీళ్లలోంచి పెద్ద చేపను గాలంతో తీసే విద్య ఇక్కడ ఉంది. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే కందకుర్తి దగ్గర మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. దిగువన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టు. ఇటు మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్. దాని కాలువ నీళ్లతోనే బోధన్ చుట్టూ చెరుకు పెరిగింది, 1937లో నెలకొన్న చక్కెర ఫ్యాక్టరీ నడిచింది. బొచ్చె, రవ్వ, వాలుగ, కొర్రమీను పెరిగేదీ ఈ నీళ్లలోనే.

గాలానికి చేప పడడం సగం పనే. అసలు పనితనమంతా ఆ తర్వాత ఉంటుంది.

బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పెదవి మెత్తన. బెండు మునిగిందని ఒక్కసారి గట్టిగా లాగితే గాలం పెదవిని చీల్చుకొని వచ్చేస్తుంది. అందుకే ఒడ్డున ఉన్న పెద్దమనిషి కుర్రాడితో ముందుగా అనే మాట: "గుంజకు బిడ్డా, పోనియ్యి. అలిసినంక అదే వస్తది." పోనివ్వడమంటే వదిలేయడం కాదు. తంగూసు దారం వేళ్ల మధ్య నుంచి బిగువుగా జారుతూ ఉండాలి. వదులైతే గాలం ఊడుతుంది, మరీ బిగిస్తే ముడి దగ్గర తెగుతుంది. చేతిదారంతో పట్టేవాళ్లు వేలికి తడిగుడ్డ చుట్టుకోవాలి. దారాన్ని మాత్రం చేతికి మెలి వేసుకోకూడదు. పెద్ద చేప ఉరికితే ఆ మెలిక మాంసంలోకి దిగుతుంది.

రీలున్నవాళ్లు దాని బిగింపును తంగూసు తెగే బరువులో పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉంచుకుంటే మంచిది. చేప పరుగెత్తుతున్నంతసేపు రీలు తిప్పడం దండగ, తంగూసు మెలికలు పడుతుంది. అది ఆగగానే గాలం కట్టెను నిదానంగా పైకెత్తాలి, దించుతూ ఆ వదులైన మేరకే చుట్టుకోవాలి. చేప వాలుకు పడి పోతుంటే నిలబడ్డ చోటే ఉండి లాగొద్దు. ఒడ్డు వెంట నడిచి దానికి సరిసమానంగానో, కాస్త దిగువకో చేరుకోవాలి. అప్పుడు చేప మన పట్టుతోనూ, ప్రవాహంతోనూ పోరాడాల్సి వస్తుంది. కట్టెను పక్కకు వాల్చితే చేప తల తిరుగుతుంది. తల ఎటు తిరిగితే ఒళ్లు అటే.

కొర్రమీను దగ్గర ఈ ఓపిక పనికిరాదు. అది నాచులో, తుంగలో ఉంటుంది. దారం ఇస్తే తుంగ వేళ్ల చుట్టూ చుట్టుకొని కూర్చుంటుంది. పట్టిన క్షణంలోనే తుంగ నుంచి బయటికి లాగాలి. వాలుగకైతే పళ్ల వరస ఉంది కాబట్టి గాలం పైన జానెడు తీగ కట్టాలి.

నా లెక్కలో చేపలు ఎక్కువగా పోయేది ఒడ్డు దగ్గరే. మనిషి నీడ కనబడగానే అలిసిన చేప కూడా ఇంకోసారి ఉరుకుతుంది. ఆ పరుగుకు దారం సిద్ధంగా ఉంచుకొని, వంగి కూర్చోవాలి. చేతివలతో చేపను తరమకూడదు. వలను నీళ్లలో కదలకుండా పెట్టి, తల ముందుగా దాని మీదికి తేవాలి. తోకకు వల తగిలిందా, మళ్లీ మొదటికే. దారం పట్టి పైకి లేపడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. నీళ్లు మోసిన బరువంతా ఒక్కసారిగా తంగూసు మీద పడుతుంది. వల లేకపోతే వాలు ఒడ్డు చూసుకొని చేపను పక్కకు జార్చుకుంటూ తేవాలి. కోస్తాలో ఇదే పని అల చేసి పెడుతుంది: అల ముందుకొచ్చినప్పుడు లాగాలి, వెనక్కి పోయేటప్పుడు దారం ఇవ్వాలి. మన దగ్గర అల లేదు కాబట్టి ఆ పని చేపను చూస్తూ మనమే చేసుకోవాలి. ఒడ్డెక్కిన కొర్రమీనును వదిలేసి ఏమరొద్దు. గాలి పీల్చుకోగల చేప, గడ్డిలో జారుకుంటూ మళ్లీ నీళ్లలోకి పోతుంది.

ఈ విద్య గంగపుత్రుల, ముదిరాజుల ఇళ్లలో చేతి నుంచి చేతికి వచ్చింది. చెరువుల్లో చేప మీద హక్కు మత్స్య సహకార సంఘాలది. సరదాకు గాలం వేసేవాళ్లు వాళ్లను అడిగి వేయాలి. గేట్లెత్తినప్పుడు ప్రాజెక్టు కింద బండల మీదికి ఎవరూ దిగకూడదు. వానాకాలం కొత్తనీటికి ఎదురెక్కే బొచ్చె, రవ్వ గుడ్లతో ఉంటాయి. అలాంటిది పడితే చెయ్యి తడుపుకొని, గాలం తీసి, తల ఎదురునీటికి పెట్టి, తనంతట తాను ఈదే దాకా పట్టుకొని వదిలెయ్యాలి. నది మీద బతికే ఇళ్లకు మరుసటి ఏడు చేప అక్కడి నుంచే రావాలి.