స్వచ్ఛంద పుస్తకశాలలు : చరిత్రరచనపై ఒక విమర్శ

ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్రను దెలుపు రచనలు తఱచుగ స్థాపకుని నామముతో నారంభమై, ప్రారంభోత్సవ దినముతో సాగి, భవన నిర్మాణముతో ముగియుచున్నవి. ఆ పుస్తకశాల తలుపు ప్రతిదినము తెఱచినవా రెవరు, లోని కెవరు రాగలిగిరి, ఎవరు రాలేకపోయిరి అను ప్రశ్నలకు వానిలో చోటు స్వల్పము. జీతము గొనని కార్యకర్తలు నడపిన సంస్కరణాభిలాషుల పుస్తకశాలల చరిత్రకు ఈ పద్ధతి చాలదని నిరూపించుటయే మా యుద్దేశము. ఇందు బందరు, గుడివాడ, గుడ్లవల్లేరు ప్రాంతమును ప్రధానముగ దృష్టియందుంచుకొంటిమి.

గ్రంథాలయోద్యమము కేవల మక్షరసేవ యనియు, విప్లవభావముల పుస్తకశాలలు పక్షప్రచారమనియు, ఈ రెంటికిని సంబంధము లేదనియు నొక వాదము గలదు. ఇది నిలువదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో నొకరగు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారే 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలికిని మూలపురుషులు. చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగున నందించుట ఆ మండలి సంకల్పము. 1911లో బెజవాడ గ్రంథాలయమునకు రామమోహనుని పేరిడుట సంస్కరణపక్షమును బాహాటముగ గ్రహించుటయే. 1914 ఏప్రిల్ 10న గ్రంథాలయ ప్రతినిధులు ఆ పట్టణముననే సమావేశమైరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు జీవితమునే ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పుస్తకముల పడవను నడపించిరి. డెల్టాలో నీరు పాఱిన దారినే పుస్తకమును పోయినది.

గుడ్లవల్లేటికి చేరువనున్న అంగలూరు, 1887లో త్రిపురనేని రామస్వామిచౌదరిగారు జన్మించిన గ్రామము. పురాణములను ప్రశ్నించిన ఆయన రచనలకు పాఠకలోక మేర్పడినదన్నచో, వానిని చేరవేసినవారు, బిగ్గరగ చదివి వినిపించినవారు నుండితీరవలయును. 1940లో గోరాగారు ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మాఱినది. వయోజనవిద్యతోపాటు సహపంక్తి భోజనములును దాని కార్యక్రమమున నుండెను. కలసి చదువుట, కలసి భుజించుట యనునవి వేర్వేఱు కార్యములు కావని ఆ కేంద్రము చాటినది.

1948 నాటి మద్రాసు పౌరగ్రంథాలయ శాసనముతో ఉద్యమము పరిపూర్తి నొందినదనుట మఱియొక వాదము. ఇది సగమే సత్యము. ఆ శాసనమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనమును గ్రంథాలయ పన్నును, జీతపు సిబ్బందిని, స్థిరత్వమును సమకూర్చినవి. స్థాపకుని యుత్సాహముతోపాటు అంతరించు సంస్థ కిది ప్రాణదానమే. కాని ఏ పుస్తకము కొనవలెనను నిర్ణయము ఊరి కార్యకర్తనుండి సంఘముల చేతికి పోయినది. ఒకరికి రుచింపని పుస్తకమును కోరి బల్లపై నుంచు స్వాతంత్ర్యము ప్రజల పన్నుతో నడచు సంస్థకు సులభము కాదు. ఆ స్వాతంత్ర్యమునకు వేఱొక యునికి కావలసివచ్చినది. 1953లో విశాలాంధ్ర ప్రచురణాలయము, 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఏర్పడుటను ఈ దృష్టితో చూడవలయును. అలెక్స్ హేలీ గ్రంథమును సహవాసి ‘ఏడు తరాలు’గ సంగ్రహించగా, దానిని ట్రస్టువారు తెలుగు పాఠకుల కందించిరి.

ఇట్లని స్వచ్ఛంద సంస్థలను పూజించుటయు మాకు సమ్మతము కాదు. జీతము లేక పనిచేయుటకు తీఱిక వలయును. డెల్టాలో తీఱిక భూమి గలవానికే యెక్కువ. పుస్తకశాల ఊరి నడుమ నున్నదా, మాలపల్లెకు దరి నున్నదా? ఎరువుగొన్నవారి చిట్టాలో స్త్రీల పేళ్లు గలవా? పైరుకోతల దినములలో తలుపు తీసిరా? ఒక సంస్థ సంస్కరణాభిలాషకు గీటురాయి దాని బల్లపైనున్న పుస్తకము గాదు, గడప దాటిన పాఠకుడు.

కావున పరిశోధక విద్యార్థులు స్మారక సంచికలతో తృప్తిపడరాదు. ఎరువు పుస్తకములు, చందాల పద్దులు, సభ్యుల పట్టికలు ఊళ్లలో నెచట మిగిలినను వెదకి, ప్రతులు వ్రాసికొనవలయును. చెదలకు చరిత్రపై గౌరవము లేదు. స్థాపకుల చరిత్ర శిలాఫలకములపై నున్నది. పాఠకుల చరిత్ర ఆ చిట్టాలలోనే యున్నది.