నకలు గుహను ఎలా చూడాలి? లాస్కో ఉదాహరణ

నకలు అనగానే మనకు చిన్నచూపు ఉంటుంది. అసలును చూడలేనివారికి దొరికే ఊరట మాత్రమే అనుకుంటాం. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ ఆధారంగా పరిశీలిద్దాం.

1940లో కొందరు కుర్రవాళ్ల కంటబడిన ఈ గుహలోని చిత్రాల వయసు సుమారు 17,000 సంవత్సరాలు. 1948లో ప్రజలను లోపలికి అనుమతించారు. సందర్శకుల ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, తేమ, ఒంటి వేడి, విద్యుద్దీపాల వెలుగు కలిసి గోడలపై పచ్చని నాచుకు, తెల్లని సున్నపు పొరకు కారణమయ్యాయి. 1963లో గుహను మూసివేశారు. అంటే, చూడాలన్న మన కోరికే చిత్రాలకు ముప్పు తెచ్చింది. నకలు అవసరం ఇక్కడే పుట్టింది.

1983లో అసలు గుహకు సుమారు 200 మీటర్ల దూరంలో లాస్కో 2 తెరిచారు. అందులో పెద్ద ఎద్దుల బొమ్మలున్న శాల, దానిని ఆనుకొని ఉన్న గ్యాలరీ మాత్రమే ఉన్నాయి. చిత్రకారిణి మోనిక్ పేత్రాల్ ఖనిజ రంగులతో ఏళ్ల తరబడి శ్రమించి వాటిని చిత్రించారు. 2016లో తెరిచిన లాస్కో 4 మరింత విస్తృతమైనది.

నకలు ఏమి ఇస్తుంది? పుస్తకంలోని ఫొటోలో ఎద్దు చదునుగా, అరచేతి పరిమాణంలో కనిపిస్తుంది. నకలు గుహలో అదే ఎద్దు అయిదు మీటర్లకు మించిన పొడవుతో, ఒంపు తిరిగిన గోడపై మీ తలకు పైన నిలుస్తుంది. రాతి ఎత్తుపల్లాలు కూడా చిత్రంలో భాగమేనని అప్పుడు అర్థమవుతుంది.

ఏమి ఇవ్వలేదు? ఆదిమ చిత్రకారుడు కొవ్వుతో వెలిగే రాతి ప్రమిదల మినుకు వెలుగులో పని చేశాడు. మనం గైడు వెంట, గుంపుగా, నిలకడైన వెలుగులో నడుస్తాం. అంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. గీత ఎటు సాగాలో మొదటి చిత్రకారుడు తానే నిర్ణయించుకున్నాడు. నకలు తీసేవారికి ఆ గీత ముందే తెలుసు. పోలిక ఎంత కచ్చితంగా ఉన్నా ఆ నిర్ణయ క్షణం తిరిగి రాదు.

కాబట్టి నకలును మోసమనీ, అసలుతో సమానమనీ అనకూడదు. మంచి అనువాదాన్ని చదివినట్లు దానిని చూడాలి.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లు ఉన్నాయి. వీలైతే వెళ్లి చూడండి. నకలు తీసినవారు ఏమి నిలిపారు, ఏమి వదిలారు, ఎందుకు? ఈ ప్రశ్నలకు మీ సొంత మాటల్లో సమాధానం రాయండి.