వేలంపాట చీరలు, బెంగళూరు బ్రాండ్లు

అమ్మవారికి పెట్టిన చీరలు తర్వాత ఎక్కడికి వెళ్తాయో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దేవస్థానం వాళ్లు వేలం వేస్తారు, లేదంటే కౌంటరు పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్లు కళ్లకద్దుకుని బీరువాలో దాచుకుని, ఏ వ్రతానికో పెళ్లికో బయటకు తీస్తారు. బెంగళూరులో చిమీ నంజప్ప మాత్రం అలాంటి గుడి చీరల్ని మడత విప్పి, తిరగేసి, దారం దారం చూశారు. దేవుడికిచ్చేది కదా అని వెనకటివాళ్లు ఉన్నంతలో మేలైన చీరనే నేయించి ఇచ్చేవారు. అందువల్ల బజారులో ఎప్పుడో కనుమరుగైన అంచులు, కొంగులు, రంగుల జోడింపులు గుళ్లలో మిగిలిపోయాయి. ప్రభుత్వ హస్తకళల ఎంపోరియంలో పనిచేసిన చిమీ 1974లో కూతురు పవిత్రా ముద్దయ్యతో కలిసి మొదలుపెట్టిన సంస్థ పేరు విమోర్. పాత చీరను సంపాదించడం, దాన్ని ఎలా నేశారో అర్థం చేసుకోవడం, ఇవాళ్టి మగ్గం మీదికి దాన్ని మళ్లీ తీసుకురావడం. యాభై ఏళ్లుగా ఆ సంస్థకు ఇదే పని.

లగ్జరీ ఫ్యాషన్ అనగానే ర్యాంపు, కెమెరాలు, సినిమా తారలు కళ్లముందు మెదులుతాయి. బెంగళూరులో ఆడవాళ్లు పెట్టిన చిన్న బ్రాండ్లలో గట్టివాటికి వాటితో పేచీ లేదు, పెద్దగా పనీ లేదు. మీకు స్ఫూర్తి ఎవరని అడిగితే ప్యారిస్ పేరు రాదు. అమ్మమ్మ ట్రంకుపెట్టె, గుడి వేలం, ఎక్కడో పల్లెలో ఆగిపోయిన మగ్గం వస్తాయి. ఈ మాటలు ఇప్పుడు ప్రతి బ్రాండూ బ్రోషరులో అచ్చేసుకుంటోంది కాబట్టి కాస్త అనుమానంగా వినడమే మేలు. నిజమెంతో తేల్చుకోవాలంటే చీరను వెనక్కి తిప్పి అంచు దగ్గర వేలు పెట్టి చూడాలి.

ఊరు కూడా వీళ్లకు కలిసొచ్చింది. జంషెడ్జీ టాటా 1890ల్లోనే బసవనగుడి వైపు పట్టుపురుగుల క్షేత్రం పెట్టి జపాన్ నిపుణులను రప్పించారు. టాటా సిల్క్ ఫార్మ్ అనే పేరు ఆ ప్రాంతానికి ఇప్పటికీ ఉంది. మైసూరులో రాజావారి పట్టు కర్మాగారం 1912లో వచ్చింది. కేంద్ర పట్టు మండలి ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే ఉంది. సిద్దలఘట్ట, రామనగర పట్టుగూళ్ల మార్కెట్లు దగ్గర్లోనే ఉన్నాయి. కబ్బన్‌పేటలో ఒకప్పుడు ఇంటింటా మగ్గం ఆడేది. ధర్మవరం, హిందూపురం వైపు నుంచి సరుకుతో వచ్చేవాళ్ల వల్ల చిక్కపేట సందుల్లో కన్నడంతో సమానంగా తెలుగూ వినిపిస్తుంది. పట్టు, రంగు, నేతగాడు, కొనుగోలుదారు ఇంత దగ్గరగా దొరికే నగరాలు దేశంలో ఎక్కువ లేవు.

ఇక అంచు సంగతి. చీర ఒళ్లు ఎరుపు, అంచు ఆకుపచ్చ అనుకుందాం. సులువైన నేతలో ఎర్ర పేక, అంటే అడ్డదారం, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే పోగుగా పరుగెడుతుంది. అంచులో పడుగు, అంటే నిలువు దారం, ఆకుపచ్చదే అయినా దాన్ని అడ్డంగా దాటేది ఎర్ర దారం. దాంతో రెండు రంగులూ కలిసిపోయి ఆకుపచ్చ మసకబారుతుంది. అంగడివాడు దాన్నే డబుల్ షేడ్ అని మురిపెంగా చూపిస్తాడు. గద్వాల నేతగాళ్లు కుప్పడం అనే, కంచివాళ్లు కొర్వై అనే పద్ధతిలో ఈ రాజీ ఉండదు. పేక దారాన్ని మోసే నాడెలు మూడు నడుస్తాయి. ఒంటికి ఒకటి, అంచులకు చెరొకటి. ఒంటి పేక అంచు గీత దాకా వచ్చి, అక్కడ అంచు పేకతో మెలేసుకుని, వెనుదిరుగుతుంది. ఎరుపు ఎరుపుగా, పచ్చ పచ్చగా నిలుస్తాయి. రెండూ కలిసేచోట కోటకొమ్ములా పళ్లు తేలిన గీత వస్తే అది పనితనానికి మరో మెట్టు. గద్వాలలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. సాగే గుణంలో ఒకదానికొకటి పొసగని ఆ రెండు దారాలనూ ఒకే బిగువులో ఉంచాలి.

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు నేస్తూ ఉంటే పక్కన కూర్చున్నవాళ్లు అంచు నాడె అందించాలి. చాలా ఇళ్లలో ఆ రెండో మనిషి భార్యో, కూతురో, బడి నుంచి వచ్చిన కొడుకో. వాళ్లకంటూ వేరే కూలి లెక్క ఉండేది కాదు. పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిపోయాక ఆ పీట ఖాళీ అయింది. కుప్పడం, కొర్వై చీరలు తగ్గిపోవడానికి ఫ్యాషన్ మారడం ఒక్కటే కారణమని రాసేవాళ్లు ఈ పీట వైపు చూడరు.

ఉత్తర కర్ణాటక ఇల్‌కల్ చీరలో కష్టం కొంగు దగ్గర ఉంది. ఒంటి పడుగు వేరు, కొంగు పడుగు వేరు. ఒకదాని చివర ఉచ్చుల్లోకి ఇంకోదాని ఉచ్చులను దారానికి దారం తగిలించి కలుపుతారు. దీన్ని కొండి అంటారు. అలా కలిపిన ఎర్ర పట్టు కొంగు మీద తెల్లటి పళ్లవరుసలతో వచ్చే నమూనా పేరు తోపె తెని. మామూలుగా ఒక పడుగు ఎక్కిస్తే వరసగా ఎన్నో చీరలు దిగుతాయి. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, చీర చీరకూ పడుగు విడిగా సిద్ధం చేసుకోవాలి. కంచి పట్టులో కొంగు రంగు మారేచోట వేలికి తగిలే సన్నటి గట్టు కూడా ఇలాంటి అతుకు ఆనవాలే. పట్టుచీర కొనేటప్పుడు మన పెద్దవాళ్లు కొంగు మొదట్లో బొటనవేలు రాసి చూసేది ఆ గట్టు కోసమే.

ఇంత పని ఉన్న చీరను మళ్లీ నేయించాలంటే బొమ్మ గీసి చేతికిస్తే చాలదు. జాకార్డు మగ్గానికి రంధ్రాలు కొట్టిన అట్టలే ఆజ్ఞలు. ఒక్కో అట్ట ఒక్కో పేకకు ఏ పడుగు లేవాలో చెబుతుంది. డిజైను మారితే ఆ అట్టలన్నీ కొత్తగా కొట్టించాలి. ఆ ఖర్చు పెట్టి, చీర అమ్ముడుపోకపోతే మునిగేది నేతగాడు. అందుకని తెలివైన డిజైనరు ముందు మగ్గం దగ్గర కూర్చుని, ఇప్పటికే ఉన్న అట్టలతో ఏం చేయొచ్చో చూస్తుంది. రంగు మారుస్తుంది, అంచు వెడల్పు తగ్గిస్తుంది, ఒంటిలోని బుటాను కొంగులోకి జరుపుతుంది. సగం డిజైను కాగితం మీద కాక బేరంలోనే పుడుతుంది.

పవిత్రా ముద్దయ్య పేరు నేతగాళ్లలో నిలవడానికి ఒక కారణం, తాను ఇచ్చిన డిజైన్ల మీద హక్కులు బిగించుకోకపోవడం. విమోర్‌కు నేసిన నేతగాడు అదే నమూనాను ఇంకొకరికి నేసి అమ్ముకోవచ్చు. లగ్జరీ వ్యాపారం అంతా ‘మా దగ్గర తప్ప ఎక్కడా దొరకదు’ అనే మాట మీద నడుస్తుంది కదా, ఇది దానికి అడ్డం తిరిగిన లెక్క. వ్యాపారపాఠాలు చెప్పేవాళ్లు తలపట్టుకుంటారేమో గానీ, పాత నేత మళ్లీ నాలుగు మగ్గాల మీద ఆడాలన్నదే ఉద్దేశమైతే ఇంతకన్నా సూటి దారి కనిపించదు. విక్టోరియా లేఅవుట్‌లో విమోర్ వాళ్లు ఒక మ్యూజియం కూడా పెట్టారు. అందులో రాజుల సరుకు కన్నా, కుటుంబాలు తమ కథలతో సహా ఇచ్చిన చీరలే ముచ్చటగా ఉంటాయి.

గుడితో ముడిపడిన చీరే ఇంకొకటి, పట్టెద అంచు. ఉత్తర కర్ణాటకలో సవదత్తి ఎల్లమ్మ భక్తులకు, గదగ్ జిల్లా గజేంద్రగఢ్ నేతగాళ్లకు బాగా తెలిసిన నూలు చీర అది. ఒళ్లంతా గళ్లు, పక్కన ఆవపిండి పసుపో ముదురు ఎరుపో పట్టీ అంచు. రెండు చివర్లా కొంగు ఉండటంతో ఒకవైపు వెలిసి చిరిగితే రెండోవైపు తిప్పి కట్టుకునేవారు. పొలం పనికి వెళ్లే ఇల్లాలి లెక్క ఇది. నేత దాదాపు ఆగిపోయిన ఆ చీరను హేమలతా జైన్ ‘పునర్జీవన’ పేరుతో మళ్లీ మగ్గం ఎక్కించారు. ఇప్పుడు దాన్ని నగరాల్లో ఆఫీసుకు కట్టుకెళ్తున్నారు. పేదరాలి పొదుపు కోసం పుట్టిన చీర లగ్జరీ అరలో కూర్చోవడం చూస్తే నవ్వొస్తుంది. కానీ నేసేవాడికి కూలి గిట్టాలంటే ధర అక్కడికే చేరుతోంది.

నేత నుంచి అద్దకానికి వస్తే సదాశివనగర్‌లో తరంగిణి ఉంది. లక్ష్మీ శ్రీవత్స 1977లో స్థాపించిన ఈ చేతి అచ్చుల అద్దకశాలను తర్వాత కూతురు పద్మినీ గోవింద్ చేపట్టారు. అక్కడి అసలు ఆస్తి వేల సంఖ్యలో పోగుపడిన చెక్క అచ్చులు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు చెక్కాలి. ముందు గీత అచ్చు, దాని లోపల నింపే అచ్చులు తర్వాత. మెత్త పరిచిన పొడవాటి బల్ల మీద బట్ట బిగించి, అచ్చు మూలనున్న గుర్తును ముందరి అద్దకానికి ఆనించి, అరచేతి కింది భాగంతో ఒక్క దెబ్బ. వెంట్రుకవాసి తప్పినా పువ్వు మీదికి ఆకు ఎక్కుతుంది. పెడన, మచిలీపట్నం కలంకారీ ఎరిగిన తెలుగు పాఠకుడికి మిగతాదీ తెలిసిందే: కరక్కాయ, పటిక, బెల్లంలో ఊరిన ఇనుప ముక్కల నుంచి వచ్చే నలుపు. సహజ రంగు ఏ రోజుకు ఆ రోజు నీటిని బట్టి, ఎండను బట్టి కొద్దిగా మారుతుంది. రెండు చీరలు అచ్చంగా ఒకేలా కావాలనే కొనుగోలుదారుకు ఇది లోపం. ఇలాంటి అద్దకశాలలు బతుకుతున్నది మాత్రం ఆ తేడాను కోరి వచ్చేవాళ్ల మీదే.

పాత నేతలను మళ్లీ బతికించే ఈ తరహా పనికి హైదరాబాదులో పెద్దదిక్కుగా నిలిచింది సురయ్యా హసన్ బోస్. ఆమె నేతాజీ అనుచరుడు ఆబిద్ హసన్ సఫ్రానీ సోదరుడి కూతురు, పెళ్లాడింది నేతాజీ అన్నకొడుకు అరబిందో బోస్‌ను. హిమ్రూ, మష్రూ బట్టలు నేయడం భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లకు నేర్పించి, వాళ్లచేతే నడిపించారు. మష్రూలో పైకి కనిపించేది పట్టు, ఒంటికి తగిలేది నూలు. పట్టు ఒంటికి తగలకూడదన్న మతనియమాన్ని నేతతోనే దాటిన ఉపాయం అది. ఆమె 2021లో కన్నుమూశారు.

ధరల మాట ఎత్తకుండా ఈ కథ పూర్తి కాదు. 2019-20 నాటి నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనిలో ఉన్నవారు సుమారు 35 లక్షలు, వారిలో ఆడవాళ్లు 70 శాతం పైనే. అప్పటికి మూడింట రెండు వంతుల కుటుంబాలకు నెలకు 5,000 రూపాయలు కూడా వచ్చేవి కావు. బ్రాండు చీర పదుల వేలల్లో పలుకుతున్నప్పుడు అందులో మగ్గానికి ఎంత చేరుతోందని అడగడం కొనేవాళ్ల హక్కు. స్థాపకురాలి ఫొటో ఉన్నచోట నేతగాడి పేరు లేకపోతే ఆ స్ఫూర్తి కథను సగమే నమ్మాలి. మరోవైపు, అరవై శాతం తగ్గింపులో దొరికే నకలును కొంటూ చేనేత కోసం బాధపడటమూ కుదరదు. చేనేతకు కొన్ని రకాలను కేటాయించే చట్టం 1985లో వచ్చింది. అప్పట్లో 22 రకాలు, తర్వాత 11కు కుదించారు. చీర ఆ జాబితాలో ఉంది. అయినా పవర్‌లూమ్ నకళ్లు చిక్కపేటలోనూ, మన ఊళ్లలోనూ పట్టపగలే అమ్ముడవుతున్నాయి. బొమ్మనూ రంగునూ నకలు చేసేవాళ్లు దించేస్తారు. మూడు నాడెల అంచు మాత్రం మామూలు పవర్‌లూమ్‌కు అందదు, అందుకే నకలు చీరలో అంచు దగ్గరే దొంగ దొరుకుతాడు.

అంచు చూసి పోల్చుకునే కొనుగోలుదారులను తయారుచేయడం కూడా బెంగళూరు మహిళల పనిలో చేరింది. 2015లో అహల్యా మత్తన్, అంజూ మౌద్గల్ కదమ్ ‘100 చీరల ఒప్పందం’ మొదలుపెట్టారు. ఏడాదిలో నూరుసార్లు చీర కట్టి, ఆ చీర కథ చెప్పాలి. సోషల్ మీడియాలో అది దావానలంలా పాకింది. ఆ తర్వాత అహల్య పెట్టిన ‘ది రిజిస్ట్రీ ఆఫ్ సారీస్’ అమ్మకం కన్నా అధ్యయనం వైపు మొగ్గింది. 2002లో వస్త్ర నిపుణుడు మార్తాండ్ సింగ్ కూర్చిన 108 ఖాదీ రకాలను తీసుకుని వాళ్లు ప్రదర్శన కట్టినప్పుడు బెంగళూరు, కోయంబత్తూరుతో పాటు చీరాలకూ తెచ్చారు. చీరాలలో దాన్ని చూడటానికి వచ్చేవాళ్లకు పడుగూ పేకా ఏమిటో బోర్డు పెట్టి చెప్పే పని లేదు. 2022లో హంపికి ఎదురుగా తుంగభద్ర అవతలి ఒడ్డునున్న ఆనెగొందిలో, చీర చుట్టూ అల్లిన తొమ్మిది కథలతో మరో ప్రదర్శన పెట్టారు.