సోలో ఆగిన చోట

జాజ్‌కీ బాస్కెట్‌బాల్‌కీ పోలికేమిటంటే అందరూ ఠక్కున చెప్పే మాట ఇంప్రొవైజేషన్. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. ఇప్పుడు నాకు అసలు పోలిక సోలో ఆగిన చోట కనిపిస్తోంది.

మైల్స్ డేవిస్ బృందం 1959లో రికార్డు చేసిన ‘సో వాట్’ వినండి. ట్రంపెట్, రెండు శాక్సఫోన్లూ తమ వంతు ముగించాక బిల్ ఎవాన్స్ పియానో అందుకుంటాడు. అప్పుడు డేవిస్, కోల్ట్రేన్, ఆడర్లీ అంతటివాళ్ళు వెనక నిలబడి రెండే రెండు స్వరాలు అందిస్తుంటారు.

1997 ఎన్‌బీఏ ఫైనల్స్, ఆరో ఆట. ప్రత్యర్థి, తమాషాగా, యూటా జాజ్. స్కోరు 86-86. మైకేల్ జోర్డాన్‌ని ఇద్దరు కమ్ముకోగానే అతను స్టీవ్ కెర్‌కి బంతి ఇచ్చేశాడు. కెర్ వేశాడు, షికాగో గెలిచింది. ఇలా జరగొచ్చని టైమౌట్‌లోనే ఇద్దరూ మాట్లాడుకున్నారు.

ఈ నల్లజాతి కళాకారుల్ని ‘పుట్టుకతో వచ్చిన ప్రతిభ’ అని మెచ్చుకోవడం తేలిక. ఆ మెప్పుతోనే వాళ్ళ ఆలోచననీ సాధననీ కొట్టిపారేస్తాం. పక్కవాడికి ఎప్పుడు చోటివ్వాలో తెలియడం పుట్టుకతో రాదు కదా!