ఎవరి వ్యావహారికం?

1927 ఫిబ్రవరిలో లూసున్ హాంకాంగ్ వచ్చి ఒక ఉపన్యాసం చేశాడు. దాని పేరు 'మూగపోయిన చైనా'. జనం మాట్లాడని ప్రాచీన గ్రాంథికంలో రాస్తున్నంతకాలం దేశానికి గొంతు ఉండదన్నది ఆయన వాదన. ఆ ఉపన్యాసాన్ని సభకు కాంటనీస్‌లో అనువదించి చెప్పింది షూ క్వాంగ్‌పింగ్, ఆయన సహచరి, క్వాంగ్‌చౌ బిడ్డ. వాడుకభాషలో రాయమని చెప్పడానికి వచ్చిన మహారచయితకు దుబాసీ కావలసివచ్చింది! లూసున్‌ను అభిమానించే మనం ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి.

కాంటనీస్‌ను చైనీస్‌కు 'మాండలికం' అనడం రివాజు. వాళ్ల 'ఫాంగ్యాన్' అనే మాటకు అర్థం 'ప్రాంతపు పలుకు' అని మాత్రమే. క్వాంగ్‌తుంగ్, క్వాంగ్సీ, హాంకాంగ్, మకావుల్లో సుమారు 8 కోట్లమంది మాట్లాడే 'యువె' శాఖకు క్వాంగ్‌చౌ పలుకు ప్రమాణం. పెకింగ్ మనిషి నేర్చుకోకుండా దాన్ని విని గ్రహించలేడు. 'కాదు' అనడానికి అతడు 'బూ షి' అంటే వీళ్లు 'మ్ హై' అంటారు. ఉత్తరాదిలో రాలిపోయిన పదాంత ప, త, క ధ్వనులు ఇక్కడ నిలిచాయి. అందువల్ల థాంగ్ యుగపు పద్యాల్లో కొన్ని ప్రాసలు ఇక్కడే చక్కగా కుదురుతాయి. ఫ్రెంచి, ఇటాలియన్‌ల మధ్య దూరంతో భాషావేత్తలు దీన్ని పోల్చడం కద్దు.

బైహువా ఉద్యమం 1917 నుంచి 'మాట్లాడినట్టే రాద్దాం' అంది. గిడుగువారు 1919లో 'తెలుగు' పత్రిక పెట్టిన రోజులే అవి. కాని ఎవరు మాట్లాడినట్టు? బైహువాకు ఒరవడి ఉత్తరాది పలుకు. లూసున్ తల్లిభాష కూడా అది కాదు, షావోషింగ్ పలుకు. హాంకాంగ్‌లో చాలా బడుల్లో పిల్లవాడు నేటికీ ఆ రాతనే కాంటనీస్ ఉచ్చారణతో చదువుతాడు. నోటితో ఎన్నడూ అనని వాక్యం పరీక్షలో రాస్తాడు. 'ఉంది' అనే అక్షరంలో లోపలి రెండు గీతలు తీసేసి ఆ జనం 'లేదు' అనే అక్షరం చేసుకున్నారు. ఎంత చమత్కారం! వ్యాసంలో రాస్తే మాత్రం తప్పు. (నేనూ ఎర్రసిరా పట్టుకునేవాణ్ణే. పిల్లలు ఇంటి మాట రాస్తే ఎన్నిసార్లు కొట్టేశానో!)

వామపక్షం ఇది గుర్తించకపోలేదు. బైహువా చదువుకున్నవాళ్ల కొత్త గ్రాంథికమైందని 1930ల ఆరంభంలోనే చూ చియుబాయ్ విమర్శించాడు. 1947-48లో హాంకాంగ్‌లో మాండలిక సాహిత్యంపై చర్చ జరిగినప్పుడు మావో దున్, కువో మోజో దాన్ని సమర్థించారు. 1949 తర్వాత ఆ చర్చ వెనకబడిపోయింది. 1956లో ప్రభుత్వం పుతుంగ్‌హువాను దేశమంతటా ప్రచారం చేయాలని ఆదేశించింది. అంత దేశానికి ఉమ్మడి భాష అక్కర్లేదని నేననను. ఉమ్మడి భాష కావాలనడం వేరు, తక్కినవి రాతకు పనికిరావనడం వేరు. 2010 జూలైలో క్వాంగ్‌చౌ టెలివిజన్ ప్రసారాలను పుతుంగ్‌హువాకు మార్చాలన్న సూచన వస్తే జనం వీధుల్లోకి వచ్చారు. హాంకాంగ్‌లో వలస ప్రభుత్వపు 1974 చట్టం 'చైనీస్'ను అధికారభాష చేసింది. ఏ చైనీసో చెప్పలేదు.

కాంటనీస్‌లో సాహిత్యమేదీ అని అడిగేవాళ్లున్నారు. జావో జియోంగ్ తన కాంటనీస్ పాటల సంపుటిని అచ్చువేసింది 1828లో, బైహువా ఉద్యమానికి దాదాపు తొంభైయేళ్ల ముందు. వేశ్యావాటికల్లోని స్త్రీల దుఃఖం వాటిలో వస్తువు. కాబట్టి లేనిది సాహిత్యం కాదు, దానికి పాఠ్యపుస్తకంలో చోటు. తెలంగాణ, ఉత్తరాంధ్ర పలుకుబడి సంభాషణల్లో వస్తే వాస్తవికతని మెచ్చి, కథనంలోకి వచ్చేసరికి నొసలు చిట్లించిన మన విమర్శకులకు ఈ వాదన కొత్తేమీ కాదు.