ఏప్రిల్ ఐదా, మే నాలుగా?

శ్రీసత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. ముందురోజు దాకా కొత్తచెరువు, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం అన్నీ అనంతపురం జిల్లా కిందే ఉండేవి. ముహూర్తం ఎవరు చూశారో గాని, వెబ్‌సైట్లు రాసేవాళ్లకు అంత అచ్చొచ్చిన తేదీ మరోటి దొరకదు. 04-04-2022. రోజు ముందనుకున్నా, నెల ముందనుకున్నా ఒకటే. ఏ కంప్యూటరు ఎలా చదువుకున్నా తప్పు పోదు.

చిక్కంతా మర్నాటి నుంచే.

05-04-2022 అంటే మన లెక్కలో ఏప్రిల్ ఐదు, అమెరికా లెక్కలో మే నాలుగు. పీహెచ్‌పీ భాష ఈ తగువును గీతను చూసి తీరుస్తుంది. అంకెల మధ్య అడ్డగీత ఉంటే రోజు ముందు, ఏటవాలు గీత ఉంటే నెల ముందు అనుకుంటుంది. మనం దరఖాస్తుల్లో రెండు గీతలూ ఇష్టమొచ్చినట్టు వాడతాం. కొత్తచెరువులో ఒకరు 05-04-2022 అని నింపితే ఏప్రిల్‌లో పడుతుంది, పక్కనున్నవారు 05/04/2022 అని నింపితే మేలో పడుతుంది. జావాస్క్రిప్ట్ కూడా ఏటవాలు గీత చూస్తే నెలనే ముందు చదువుతుంది. 13/04/2022 ఇచ్చి చూడండి, పదమూడో నెల లేదని మొరాయిస్తుంది. మొరాయించడమే మేలు. నెలలో మొదటి పన్నెండు రోజులూ అది నోరెత్తకుండా తప్పు చేస్తుంది. ఆ తప్పు నెలాఖరు లెక్కల్లో గాని బయటపడదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతాయి. ఆ కంపెనీ వచ్చిన కొరియాలో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాస్తారు. 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 ప్రమాణం ఖాయం చేసింది కూడా ఈ వరసనే: 2022-04-05. ఇందులో ఒక సుఖం ఉంది. ఇలా రాసిన తేదీలను అక్షరాల వరసలో పేర్చినా కాలక్రమంలోనే వస్తాయి. మై ఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేసులు తేదీని ఇలాగే పుచ్చుకుంటాయి. కాబట్టి పని తెలిసినవాళ్లు లోపల ఈ రూపంలోనే దాచి, తెరమీదికి తెచ్చేటప్పుడు మాత్రమే చదివేవారికి అలవాటైన వరసలోకి మారుస్తారు. అంతవరకు పేచీ లేదు.

అసలు పేచీ జావాస్క్రిప్ట్‌తో. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపం ఇచ్చిన భాష అది. తేదీల పనికి తీరిక లేక అప్పటి జావాలో ఉన్నదాన్నే దాదాపు యథాతథంగా దించుకున్నారు. జావా 2014లో కొత్త పద్ధతికి మారింది. అరువు తెచ్చుకున్నవాళ్ల దగ్గర పాతదే మిగిలింది. అందులో నెలలు సున్నాతో మొదలవుతాయి. జనవరి 0, ఏప్రిల్ 3. రోజులు మాత్రం ఒకటి నుంచే! ఇది మొదటి వారంలో ప్రతివాళ్లూ తినే దెబ్బ, త్వరగానే అలవాటవుతుంది. అలవాటు కానిది ఇంకోటుంది.

ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణం వెబ్‌సైటు పెట్టిందనుకుందాం. కొనేవారు చీర ఎప్పటికి కావాలో క్యాలెండరులో ఏప్రిల్ 5 మీద నొక్కారు. బ్రౌజరు దాన్ని ఏప్రిల్ 5 అర్ధరాత్రి పన్నెండు గంటలుగా, మన సమయంలో పట్టుకుంది. దాన్ని ఐఎస్ఓ రూపంలోకి మార్చమంటే జావాస్క్రిప్ట్ అంతర్జాతీయ సమయానికి, అంటే యూటీసీకి, తీసుకెళ్లి మారుస్తుంది. మనం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందున్నాం. అర్ధరాత్రి నుంచి ఐదున్నర గంటలు వెనక్కి వెళ్తే ఏప్రిల్ 4 సాయంత్రం ఆరున్నర. ప్రోగ్రామరు అందులోంచి మొదటి పది అక్షరాలు కోసి తేదీగా దాచేస్తాడు. ఏప్రిల్ 5 కాస్తా 4 అయింది. అదే ఆర్డరు తేదీని, సరిగ్గా 2022-04-05 అని దాచిందాన్నే, కొన్నవారి కూతురు డల్లాస్‌లో తెరిచి చూస్తే తప్పు ఎదురువైపు నుంచి వస్తుంది. ఉత్త తేదీ ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. డల్లాస్‌లో అది ముందురోజు రాత్రి ఏడు గంటలు. ఆమె తెర మీదా ఏప్రిల్ 4 కనిపిస్తుంది.

ఇక్కడ నింద అంతా ఫార్మాటు మీద వేస్తారు గాని, దాని తప్పేం లేదు. రోజు వేరు, క్షణం వేరు. డబ్బు కట్టిన సమయం ఒక క్షణం. దాన్ని యూటీసీలో దాచాలి. పుట్టినరోజు, చీర కావలసిన రోజు క్షణాలు కావు. వాటికి గంటలు తగిలించడమే పొరపాటు. జావాస్క్రిప్ట్ ముప్పై ఏళ్లు ఈ రెంటికీ ఒకే సంచి ఇచ్చింది. ఇప్పుడు దాంట్లోకి వస్తున్న టెంపోరల్ అనే కొత్త తేదీల పద్ధతిలో ఉత్త తేదీకి, క్షణానికి, ప్రాంతంతో కూడిన సమయానికి వేరువేరు అరలున్నాయి. ఫైర్‌ఫాక్స్ 2025లో, 139వ వెర్షన్‌లో దాన్ని చేర్చింది. అన్నట్టు, ఏడాది మాత్రమే తెలిసిన పెద్దవాళ్ల మాటేమిటి? ఆధార్ కార్డు మీద పుట్టిన ఏడాది ఒక్కటే ఉన్నవాళ్లు పల్లెల్లో కనిపిస్తారు. ఫారం పూర్తి తేదీ అడుగుతుంది. జనవరి 1 అని పెట్టేయడం తప్ప దారి ఉండదు.

హిందూపురం పక్కనే లేపాక్షి. అచ్యుతదేవరాయల నాటి వీరభద్రాలయ శాసనాల్లాంటివి చెక్కినవాళ్లు తేదీ విషయంలో మనకంటే జాగ్రత్తపరులు. విజయనగర కాలపు శాసనాల్లో శక సంవత్సరం, అరవై ఏళ్ల చక్రంలో దాని పేరు, మాసం, పక్షం, తిథి, తరచుగా వారం కూడా ఉంటాయి. ఒకటి చెడితే మరోటి పట్టిస్తుంది. ఎల్.డి. స్వామికన్ను పిళ్లై ఇలాంటి తేదీలను ఇంగ్లీషు తేదీలకు మార్చే పట్టికలు తయారుచేసి 1911లో ‘ఇండియన్ క్రోనాలజీ’ని, 1922లో ‘ఇండియన్ ఎఫెమెరిస్’ను వెలువరించారు. తిథికి, వారానికి పొసగకపోతే చరిత్రకారులు ఆ శాసనాన్ని అనుమానంగా చూస్తారు. ఈమెయిలు తేదీలోనూ, వెబ్ సర్వరు పంపే తేదీలోనూ వారం పేరు ఇంకా ఉంటుంది గాని, దాన్ని సరిచూసేవాళ్లు అరుదు.

మన జిల్లా పుట్టిన రోజును ఆ పద్ధతిలో రాస్తే శకం 1944, శుభకృత్ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ తదియ, సోమవారం. జావాస్క్రిప్ట్‌ను ‘ఇండియన్’ క్యాలెండరులో చెప్పమంటే మాత్రం 1944 చైత్రం 14 అంటుంది. అది 1957 మార్చి 22 నుంచి ప్రభుత్వం వాడుతున్న జాతీయ పంచాంగం, సూర్యుడి లెక్క. చంద్రుడి తిథులు అందులో ఉండవు. ఉగాది తేదీ కోసం దాన్ని నమ్ముకుంటే పచ్చడి తప్పిన రోజున కలపాల్సి వస్తుంది.

లోపలి లెక్కకు ఇవేవీ పట్టవు. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లే టైమ్‌స్టాంపు. 2022 ఏప్రిల్ 4 మన అర్ధరాత్రికి 1649010600. పీహెచ్‌పీ సెకన్లు లెక్కపెడితే జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లు లెక్కపెడుతుంది. సర్వరు ఇచ్చిన సెకన్లను వెయ్యితో గుణించకుండా బ్రౌజరుకు అప్పగిస్తే కొత్త జిల్లా 1970 జనవరి 20 ఉదయం ఏడున్నర దాటాక పుట్టినట్టు చూపిస్తుంది. ఏమీ లేని ఖాళీ గడి సున్నాగా మారితే 1970 జనవరి 1, ఉదయం 5.30 అని వస్తుంది. ఏ సైటులోనైనా ఆ ఐదున్నర కనిపిస్తే అక్కడ తేదీ నింపలేదని అర్థం.

పాత 32 బిట్ల లెక్కలో ఈ సెకన్లు 2038 జనవరి 19న, మన సమయం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతాయి. మై ఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంపు గడి ఈనాటికీ అక్కడితో సరి. ఇవాళ ఇరవై ఏళ్ల ఇంటి అప్పు తీసుకుంటే చివరి కంతు అది దాటాకే పడుతుంది. ఆ తర్వాతి సెకనుకు పాత యంత్రం 1901 డిసెంబరుకు తిరుగుతుంది. అప్పటికి మనకు ఐదున్నర గంటల సమయమే లేదు, అది వచ్చింది 1906 జనవరి 1న. కంప్యూటర్లు వాడే టైమ్ జోన్ల జాబితాలో ‘ఆసియా/కోల్‌కతా’ కింద 1870 నుంచి అప్పటిదాకా ఉన్నది మద్రాసు సమయం, యూటీసీ కంటే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. ఆ లెక్కన తెర మీద వచ్చేది 1901 డిసెంబర్ 14, తెల్లవారుజామున 2 గంటల 7 నిమిషాల 2 సెకన్లు.